స్ప్రే ఆరాక మిగిలేదేమిటి?

భీమవరం వైపు రొయ్యల చెరువులు చేస్తున్న మా బావ మొన్నొక వాట్సాప్ వీడియో పంపాడు. అందులో ఒకాయన, చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల స్టార్టరు డబ్బా తెరిచి, మూతికి ఎర్ర గొట్టం తగిలించిన స్ప్రే టిన్నుతో లోపల కంటికి కనపడ్డ ప్రతిదాన్నీ తడిపేస్తున్నాడు. మోటరుకి కరెంటు కలిపి తెంచే కాంటాక్టరు, లోడు ఎక్కువైతే మోటరుని ఆపే ఓవర్‌లోడ్ రిలే, ఫ్యూజు క్యారియర్లు, వైర్ల చివర్లు, తలుపు కీలు, ఆఖరికి తాళం కప్ప కూడా వదల్లేదు. "ఉప్పు గాలికి ఇదొక్కటే మందండి" అని ముగించాడు. దాని కింద మా బావ ప్రశ్న: "మనయ్యి కూడా ఇట్టా కొట్టించేద్దామేంట్రా?"

వద్దని అప్పుడే చెప్పాను. ఎందుకు వద్దో చెప్పబోతే మాత్రం ఫోనులో తెగలేదు. "మరి అందరూ కొడుతున్నారుగా, మోటార్లు తిరుగుతున్నాయిగా" అంటాడు. ఆ మాటా అబద్ధం కాదు. ఉప్పు గాలి తగిలే చోట ఇలాంటి కరెంటు డబ్బాలు, అంటే పానెళ్లు, చూసుకునే ఉద్యోగం నాది. ఈ టిన్నుల గొడవ నాకు రోజూ ఉండేదే కాబట్టి తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

నా వాదన చిన్నది. టిన్ను కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఇది ఆరిపోయాక అక్కడ ఏం మిగులుతుంది అని. కొన్ని చోట్ల ఏమీ మిగలకూడదు. కొన్ని చోట్ల పల్చటి పొర మిగలాలి. ఇంకొన్ని చోట్ల వేలితో తీస్తే వచ్చేంత గ్రీజు నిలవాలి. చిక్కేమిటంటే స్టార్టరు డబ్బాలో ఈ మూడు రకాల చోట్లూ జానెడు దూరంలో పక్కపక్కనే ఉంటాయి. గొట్టం పెట్టి కొట్టేవాడికి ఆ తేడా కనపడదు.

పుట్టింది నీళ్లు తరమడానికి

మన హార్డ్‌వేర్ కొట్లలో స్ప్రే అంటే ముందుగా చేతికిచ్చేది డబ్ల్యూడీ-40, లేదా దాన్ని చూసి వచ్చిన మరొకటి. 1953లో అమెరికాలోని శాండియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ దాన్ని తయారు చేసింది. అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా, తేమ నిలవకుండా చూడటం దాని పని. పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని. ఆ మందులో సగానికి పైగా ఆవిరైపోయే ద్రావకమే. నూనె మూడో వంతు లోపు. ద్రావకం సందుల్లోకి దూరి నీటిని పక్కకి నెడుతుంది, తను ఎగిరిపోతుంది, వెనకాల పల్చటి నూనె పొర మిగులుతుంది. కిరసనాయిల్లో కాస్త ఇంజనాయిలు కలిపి సీసాలో పోసుకుని తిరిగిన పాత మెకానిక్కుల మందూ ఇదే జాతిది. అప్పట్లో పిచికారీ లేదు, అంతే.

తుప్పుపట్టి బిగుసుకున్న బోల్టుకి దీన్ని మించింది వెతకక్కర్లేదు. వానలో తడిసిన స్పానర్లకి, రెంచీలకి కొట్టి తుడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. కానీ దీన్ని బేరింగులో కొడితే ఏమవుతుంది? లోపలున్న గ్రీజుని ద్రావకం కరిగించి కారుస్తుంది. ఆ పూట చప్పుడు ఆగుతుంది. నాలుగు రోజులు పోయాక పల్చటి నూనె కూడా పోయి, బేరింగు ఎండిన ఇనుము మీద ఇనుములా తిరుగుతుంది. సైకిలు చైనుకీ అంతే. కుట్టు మిషన్‌కి దాని నూనె దానికి ఉంది.

ఆ కంపెనీయే ఇప్పుడు స్పెషలిస్ట్ పేరుతో కాంటాక్ట్ క్లీనరు, సిలికాన్, తెల్ల లిథియం గ్రీజు, ఎక్కువ కాలం నిలిచే తుప్పు నిరోధకం వేర్వేరు టిన్నుల్లో అమ్ముతోంది. ఒక్కటే అన్నింటికీ సరిపోతే ఇన్ని ఎందుకు? వ్యాపారం కోసమేనని అనేవాళ్లున్నారు. కొంత నిజమే అయ్యుండొచ్చు. అయినా ఆ టిన్నుల్లో ఏది ఆరాక ఏం మిగులుస్తుందో పోల్చి చూస్తే, అవి నిజంగా వేరువేరు వస్తువులేనని తెలుస్తుంది.

మా బావ మాట దగ్గరికొస్తే, మోటార్లు ఎందుకు తిరుగుతున్నాయి? తెల్లారగట్ల మంచుకి డబ్బాలో చెమ్మ పట్టి కరెంటు ఉప్పు నీటి మీదుగా పక్కదారి పడుతోంది. స్ప్రే కొట్టగానే ఆ నీరు తొలగింది, మోటరు లేచింది. మందు తన పని తాను చేసింది. అది చూసిన రైతు దాన్ని నమ్మడంలో తప్పేముంది? రాత్రంతా నాచు, రొయ్యా కలిసి ఆక్సిజన్ వాడేసుకుని, తెల్లవారుజాముకి చెరువులో అది అట్టడుక్కి పడిపోయి ఉంటుంది. ఆ వేళ ఏరేటర్లు లేవకపోతే పట్టుబడికి వచ్చిన రొయ్య గట్టున పడుతుంది. ఆ గంటలో ఎవరైనా చేతికందిన టిన్నే అందుకుంటారు, నేనైనా సరే. నా పేచీ ఆ గంటతో కాదు. చెమ్మ లేనప్పుడు కూడా వారం వారం కొట్టేవాళ్లతో.

కాంటాక్టరు ముఖాలు రెండు

కాంటాక్టరులో ఒకటికొకటి తగిలే భాగాలు రెండు జతలు. ఒకటి కరెంటు దాటే వెండి బిళ్లలు. రెండోది కాయిల్లోకి కరెంటు రాగానే టక్కున అతుక్కునే ఇనుప మాగ్నెట్ ముఖాలు.

వెండి బిళ్లలు కొన్నాళ్లకి నల్లబడతాయి. నల్లగా కనపడగానే ఎమిరీ పేపరు పెట్టి రుద్ది, పైన స్ప్రే కొట్టడం మన వాళ్లకి అలవాటు. ఆ నలుపు మామూలే. రాగి మీది చిలుము ఆపినట్టు అది కరెంటుని ఆపదు. రుద్దితే పోయేది వెండి, మిగిలేది గరుకు. పైన నూనె పొర కూడా ఉంటే, తెరుచుకునేటప్పుడు లేచే మెరుపుకి ఆ నూనె కాలి బొగ్గు అవుతుంది. అది బిళ్లల మధ్య పేరుకుంటే వేడి, ఆ వేడికి బిళ్లలు ఒకదానికొకటి వెల్డయిపోవడం, అలా నడుస్తుంది కథ.

మాగ్నెట్ ముఖాలది ఇంకో కథ. ఒకసారి ఒక చిన్న ఐసు ఫ్యాక్టరీలో స్టాపు బటన్ నొక్కినా మోటరు ఆగడం లేదని పిలిచారు. బటన్ బాగానే ఉంది, కాయిల్‌కి కరెంటు ఆగిపోయింది కూడా. కాంటాక్టరు మాత్రం వదల్లేదు. మెయిన్ తీసి విప్పితే మాగ్నెట్ ముఖాల మధ్య గోధుమరంగు జిగురు. అక్కడి కుర్రాడు శ్రద్ధగానే పనిచేసేవాడు. "వారం వారం కొడుతున్నాను సార్, లోపల దుమ్ము చేరకుండా" అన్నాడు. కొట్టిన నూనె ఆరింది, దుమ్ముని పట్టుకుంది, వేడికి చిక్కబడింది. అన్నన్ని రోజులు అతను శ్రద్ధగా వేసింది బంక. పొడిబట్టతో ముఖాలు తుడిచాక కాంటాక్టరు ఎప్పట్లా కొట్టుకుంది. ఆగని మోటరంటే, బెల్టు దగ్గర చెయ్యి పెట్టినవాడి సంగతి ఆలోచించండి.

ఇక్కడ నన్ను ఎప్పుడూ నిలదీసే మాట ఒకటుంది. "నూనెలో కరెంటు పారదు కదా, ట్రాన్స్‌ఫార్మరంతా నూనెలోనే మునిగి ఉంటుంది కదా" అని. మంచి ప్రశ్న. కొంతకాలం నా దగ్గరా దీనికి సరైన జవాబు లేదు. ట్రాన్స్‌ఫార్మరు నూనె మూసిన ట్యాంకులో ఉంటుంది. దానిలోకి వెళ్లే గాలి కూడా తేమ పీల్చే సిలికా జెల్ దాటే వెళ్లాలి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మారుస్తారు. నూనె నమూనా తీసి 2.5 మిల్లీమీటర్ల సందులో ఎన్ని కిలోవోల్టులకి తట్టుకుంటుందో పరీక్షిస్తారు, తగ్గితే వడకడతారు. పాత ఆయిల్ సర్క్యూట్ బ్రేకర్లలో మెరుపుని ఆర్పేదీ నూనే, కానీ ఆ నూనె నల్లబడుతూ పోతుంది, మార్చక తప్పదు. అంత కాపలాలో ఉన్న నూనెకీ, చెరువు గట్టున దుమ్ము, ఉప్పు, చీమలతో కలిసి బతికే నూనె పొరకీ పోలికేమిటి? టిన్ను మీద వేసే వోల్టుల లెక్క కొత్త నూనెది. మూడు నెలలు దుమ్ము తిన్న నూనెది ఎవరూ వెయ్యరు.

సిలికాన్ స్ప్రే సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. అది శుభ్రంగా కనిపిస్తుంది, జిడ్డు ఉండదు, నీటిని దగ్గరికి రానివ్వదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి, ప్లాస్టిక్ జారుళ్లకి అంతకంటే మంచిది లేదు. కానీ సిలికాన్ ఆవిరి రిలేలో చిన్న మెరుపుకి తగిలితే సిలికా అవుతుంది, అంటే ఇసుక జాతి పదార్థం. బిళ్లల మీద సన్నగా పేరుకుని కరెంటు ఆపేస్తుంది. రిలేలు తయారు చేసే కంపెనీలు తమ కాగితాల్లో సిలికాన్ దగ్గరికి రానివ్వొద్దని రాసేది అందుకే. ఫోనుతో మోటరు వేసుకునే ఆటో స్టార్టర్లు ఇప్పుడు ప్రతి గట్టు మీదా ఉన్నాయి, వాటి సర్క్యూట్ కార్డులో మోటరుని వేసి ఆపేవి ఈ చిన్న రిలేలే. ఫోనులో "ఆన్" అని కనిపిస్తూ మోటరు తిరగకపోతే అందరూ సిగ్నలుని తిడతారు. ఆ డబ్బాలో ఏం కొట్టారని కూడా ఒకసారి అడగాలి.

ఉప్పు మీద నూనె

వీడియో ఆయన "ఉప్పు గాలికి మందు" అన్నాడు చూశారా, నాకు అన్నిటికంటే అభ్యంతరం ఆ మాటతో. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీరు కారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి 33 శాతం చాలు. మన కోస్తాలో తేమ అంత కిందికి దిగే రోజులు ఎన్నుంటాయి? అంటే ఉప్పు పట్టిన డబ్బా మనకి పొడిగా కనిపిస్తున్నా, దాని లోపల ఎక్కడో ఒక తడి పొర ఉంటూనే ఉంటుంది. ఉప్పు నూనెలో కరగదు. దాని మీద స్ప్రే కొడితే నీరు పోతుంది, ఉప్పు అక్కడే నూనె కింద దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. తుప్పు లోపల్నుంచి పని మొదలుపెడుతుంది. పైన మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డాక చాలా చోట్ల మోటార్లు, పానెళ్లు ఉప్పు నీటికి తడిశాయి. నేను చూసిన ఒక వర్క్‌షాపులో పెద్ద మేస్త్రీ అందరినీ ఆపి, ముందు మంచినీళ్లతో కడగమన్నాడు. "తాగడానికే నీళ్లు లేవు, ట్యాంకరు నీళ్లు మోటార్లకి పోస్తారా" అని పోట్లాట. ఆయన వినలేదు. కరెంటు తీసేసిన మోటార్లు విప్పించి, నీళ్లతో ఉప్పు కడిగించి, ఓవెన్లో ఆరబెట్టించి, ఇన్సులేషను పరీక్షించే 500 వోల్టుల మెగ్గరు పెట్టి ఒక మెగోమ్ దాటాకే వార్నిష్‌కి పంపాడు. రేకు పెట్టెలకీ బోల్టులకీ మాత్రమే ఆఖర్న స్ప్రే పట్టించాడు. నీళ్లతో తడిసిన మోటార్ని మళ్లీ నీళ్లతో కడగడమేమిటని అప్పుడు నవ్వినవాళ్లున్నారు.

బ్రేకర్లు, ఫ్యూజులు మునిగితే కడగడం కూడా దండగే. అమెరికాలో విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం నెమా కూడా నీట మునిగిన పరికరాల గురించి ఇదే చెబుతుంది: మోటార్లని బాగుచేయించుకోవచ్చు, ప్లాస్టిక్ గూట్లో మూసేసిన మౌల్డెడ్ కేసు బ్రేకర్లని, ఫ్యూజులని మార్చెయ్యాలి. ఏ టిన్నుతోనూ వాటి లోపలికి వెళ్లలేం.

ఏమీ మిగల్చనిది కావాలంటే

వెండి బిళ్లల చుట్టూ, కనెక్టర్లలో, కార్డుల మీద మురికి పోవాలంటే కావాల్సింది కాంటాక్ట్ క్లీనరు. అది మురికిని కడిగి తనూ పోతుంది. కొట్టులో అడిగితే ఎక్కువ మంది మళ్లీ అదే నూనె స్ప్రే ఇస్తారు. "రెండూ ఒకటేనండి, ఇదైతే తుప్పుక్కూడా పనికొస్తది" అని మొన్నొక కొట్టు ఆయన నాకే నచ్చచెప్పబోయాడు. అక్కడే రెండు టిన్నుల్లోంచీ ఒక్కో చుక్క తెల్ల కాగితం మీద కొట్టమన్నాను. క్లీనరు చుక్క మరక లేకుండా ఆరింది. రెండోది ఆ కాగితం మీద ఇప్పటికీ జిడ్డుగా ఉండే ఉంటుంది. కొత్త టిన్ను ఏది కొన్నా నేను చేసే పరీక్ష ఇదే, దీనికి ఖర్చు లేదు.

అయితే ఏమీ మిగల్చని మందు కదా అని గుడ్డిగా వాడలేం. కొన్ని క్లీనర్లు ప్లాస్టిక్‌ని తింటాయి. మీటరు కనిపించేందుకు పెట్టే గాజులాంటి కిటికీ పాలీకార్బొనేటు అనే ప్లాస్టిక్‌ది అయితే, దాని మీద ఘాటైన క్లీనరు పడ్డాక సన్నటి గీతల్లా పగుళ్లు వస్తాయి. టిన్ను మీద ప్లాస్టిక్‌కి హాని చెయ్యదని రాసి ఉందో లేదో చూసుకోవాలి, అయినా ముందు ఒక మూల కొట్టి చూడాలి.

తొందరగా ఆరడం కూడా ఎప్పుడూ సుగుణం కాదు. 2009లో చైనాలోని సుజౌలో, ఆపిల్‌కి స్క్రీన్లు చేసిచ్చే విన్‌టెక్ ఫ్యాక్టరీలో టచ్ స్క్రీన్లు తుడవడానికి ఆల్కహాలు బదులు ఎన్-హెక్సేన్ వాడారు, త్వరగా ఆరుతుందని. గాలి సరిగ్గా ఆడని చోట దాన్ని పీల్చినవాళ్లకి నరాలు దెబ్బతిన్నాయి. 137 మంది ఆరోగ్యం పాడయిందని ఆపిల్ సంస్థ 2011 నివేదికలో రాసింది. కొన్ని బ్రేకు క్లీనర్లలోనూ హెక్సేన్ ఉంటుంది. కరెంటు పనికి చవగ్గా దొరుకుతుందని బ్రేకు క్లీనరు వాడేవాళ్లు నాకు తెలుసు. అందులో క్లోరిన్ రకం ద్రావకం ఉంటే ఇంకో ప్రమాదం: అది ఆరకముందే దాని పక్కన వెల్డింగు చేస్తే ఆ వేడికి ఫాస్జీన్ పుడుతుంది. అది ఊపిరితిత్తుల్ని తినే విషవాయువు.

ఇక నిప్పు మాట. క్లీనర్లు చాలావరకు మండేవే, టిన్నులోంచి తోసే వాయువు కూడా చాలాసార్లు మన వంట గ్యాసు జాతిదే. మెయిన్ తియ్యకుండా కాంటాక్టరు మీద కొట్టడం, కొట్టిన వెంటనే డబ్బా మూసి స్టార్టు నొక్కడం, రెండూ చూశాను. ఆవిరంతా మూసిన డబ్బాలో, మెరుపు కూడా అక్కడే. తలుపు తీసి ఉంచి, వాసన పూర్తిగా పోయాక కరెంటు ఇవ్వాలి.

మెకానిక్కు సంచిలో ఎన్ని?

ఇదంతా చదివి ఒక మెకానిక్కు "మీకేంటి సార్, కంపెనీ స్టోర్సులో అన్నీ ఉంటాయి. నేను బండి మీద ఎన్ని టిన్నులు మోసుకెళ్లాలి" అంటే, న్యాయమైన మాటే. క్లీనరు ఖరీదు ఎక్కువ, చిన్న టిన్నులు దొరకవు, రైతు ఒక స్ప్రేకి ఇచ్చే డబ్బులకే మొహం చిట్లిస్తాడు. ఐదారు రకాలు కొనమని చెప్పే వ్యాసాలు నాకూ నచ్చవు.

నేను రెండు టిన్నులు, ఒక గ్రీజు డబ్బా అంటాను. నూనె స్ప్రే పానెల్ బయటి పనికి: కీళ్లు, బోల్టులు, ఏరేటరు ఇరుసు దగ్గరి నట్లు. క్లీనరు లోపలి పనికి. గ్రీజు జనరేటరు బ్యాటరీ టెర్మినళ్లకి, ముందు వంటసోడా నీళ్లతో తెల్ల పొడి కడిగి, ఆరాక బిగించి, ఆ తర్వాతే పైన పూయాలి. పెట్రోలియం జెల్లీ అయినా చాలు. మన గట్ల మీద ఎక్కువగా కనిపించే ఇంకో రోగం, అల్యూమినియం సర్వీసు వైరుని నేరుగా ఇత్తడి టెర్మినల్లో దూర్చడం. అక్కడ స్ప్రే వల్ల ఉపయోగం సున్నా. వైరు గీకి, అల్యూమినియం అతుకుల కోసమే అమ్మే పేస్టు రాసి, రెండు లోహాలకీ సరిపోయే లగ్గు, అంటే వైరు చివర తొడిగే లోహపు తొడుగు, వేసి నొక్కాలి. మూడో టిన్నుకి డబ్బులుంటే, సీఆర్సీ 2-26 లాంటివి కరెంటు పరికరాల కోసమే చేసినవి ఉన్నాయి, చాలా రకాల ప్లాస్టిక్‌ని ముట్టవు, పల్చటి రక్షణ పొర మిగులుస్తాయి. టెర్మినల్ స్క్రూలకి, కరెంటు పంచే లోహపు పట్టీల (బస్‌బార్ల) బోల్టులకి బాగుంటాయి. వాటిని కూడా కాంటాక్టరు ముఖాల మీద కొట్టను.

ఇంతా చేసి, మా బావ డబ్బా తెరిపించి చూస్తే అసలు రోగం కిందనుంది. కేబుళ్లు దూరే రంధ్రాలకి, కేబులు చుట్టూ బిగిసి సందు మూసే గ్లాండ్లు లేవు. రంధ్రంలోంచి చెరువు గాలి నేరుగా లోపలికి. దుమ్ము, నీళ్లు లోపలికి రావని చెప్పే ఐపీ 65 అంకె రాసున్న డబ్బాయే, కానీ అడుగున మూడు వేళ్లు పట్టే బెజ్జం పెట్టాక ఆ అంకెకి అర్థమేముంది? ఒక రంధ్రాన్ని ఎవరో సిలికాన్ సీలెంటుతో మూశారు, తలుపు తెరవగానే వెనిగర్ వాసన. ఆ రకం సీలెంటు ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగికి పడదు. ఆ పక్కన ఉన్న లగ్గుకి అప్పటికే పచ్చగా చిలుము పట్టింది. ఆ ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకం అడిగి తెచ్చుకోవాలి, లేదా చక్కగా గ్లాండే వేసుకోవాలి. టిన్ను కంటే గ్లాండు చవక.

మా బావ గ్లాండ్లు వేయించడానికి ఒప్పుకున్నాడు. స్ప్రే పూర్తిగా మానతానని మాత్రం అనలేదు, తెల్లారగట్ల గండానికి ఒకటి చేతి దగ్గర ఉండాలంటాడు. సరే ఉంచుకోమన్నాను. అయితే దాన్ని స్టార్టరు డబ్బాలోనే కింద మూల నిలబెట్టి పెట్టుకున్నాడు. చాలా గట్ల మీద ఇలాగే కనిపిస్తుంది. టిన్ను మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని రాసి ఉంటుంది, మే నెల ఎండలో రేకు డబ్బా లోపల వేడి దాన్ని దాటుతుంది. పైగా జానెడు ఎత్తున కాంటాక్టరు. దాన్ని షెడ్డులో మేత బస్తాలకీ జనరేటరుకీ దూరంగా, నీడన పెట్టించాను.